పలచబడిన పానకం: రవాణా శాఖ కమిషనర్ గారికి ఒక మంగళగిరి మెకానిక్ బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ రవాణా శాఖ కమిషనర్ గారికి,



మా మంగళగిరి కొండ మీద పానకాల స్వామికి బిందెడు పానకం పోసినా, చెంబెడు పోసినా సగమే స్వీకరించి మిగతా సగం ప్రసాదంగా వదిలేస్తాడని మా నమ్మకం. చిన్నప్పుడు మా నాయనమ్మ ఇంట్లో పానకం కలుపుతుంటే పక్కన కూర్చునేవాణ్ణి. బెల్లం తగ్గి నీళ్లెక్కువైతే ఆమె నోట్లో పోసుకోకుండానే, రంగు చూసి "పలచబడిందిరా" అనేది. పాతికేళ్లుగా కార్లు బాగుచేసుకుంటూ బతుకుతున్నాను. ఇంజన్‌లో పెట్రోలు తగ్గి గాలి ఎక్కువైనప్పుడల్లా నాకు ఆ మాటే గుర్తొస్తుంది. పుస్తకాలు దీన్ని లీన్ మిక్స్చర్ అంటాయి. మా షెడ్లలో అయితే "బండి లీన్‌లో ఉంది" అనో, "ఎక్కడో ఎయిర్ లాగుతోంది" అనో అంటాం.

ఈ జబ్బు చిన్నదిగా కనిపిస్తుంది కానీ, దాన్ని సరిగ్గా గుర్తుపట్టకపోవడం వల్ల మామూలు జనం వేలకు వేలు పోగొట్టుకుంటున్నారు. దాన్ని పట్టించే అంకెల్లో ఒకటి ఇప్పటికే మీ శాఖ అనుమతితో నడిచే పొల్యూషన్ పరీక్షలో ఉంది. అందుకే ఈ ఉత్తరం మీకు రాస్తున్నాను.

కిందటి వేసవిలో నూతక్కి నుంచి ఒక రైతు తన పెట్రోలు కారు తెచ్చాడు. పదేళ్లు దాటిన బండి. కాజ టోల్‌గేటు దగ్గర ఆగి బయలుదేరితే జర్కు కొడుతోందని, సిగ్నల్లో నిలబడితే ఇంజన్ వణుకుతోందని, చెక్ ఇంజన్ లైటు ఆరడం లేదని చెప్పాడు. అప్పటికే వేరేచోట రెండుసార్లు ఆక్సిజన్ సెన్సర్ మార్పించాడు. మార్చిన ప్రతిసారీ లైటు ఆరింది, మూడో రోజుకు మళ్లీ వెలిగింది. రెండింటికీ కలిపి పదకొండు వేలు అయ్యాయట. తీసేసిన పాత సెన్సర్లు రెండూ డిక్కీలో ఒక తువ్వాలు ముక్కలో చుట్టిపెట్టి ఉన్నాయి. "నువ్వు కూడా సెన్సరే అంటే ఈ బండి అమ్మేస్తానయ్యా" అన్నాడు.

స్కానర్ పెట్టి చూస్తే వచ్చిన కోడ్ పీ 0171. ఒకటో బ్యాంకులో, అంటే ఒకటో సిలిండర్ల వరసలో, మిశ్రమం మరీ పలచగా ఉంది, అంతే దాని అర్థం. సెన్సర్ పాడైందని ఆ కోడ్ ఎక్కడా చెప్పదు. సెన్సర్‌కు వచ్చే సొంత జబ్బులకు పీ 0130 దగ్గర మొదలయ్యే వేరే వరస ఉంది. కానీ మాలో చాలామందికి లీన్ అన్న కబురు తెచ్చింది ఆక్సిజన్ సెన్సర్ కాబట్టి తప్పూ దానిదే అనిపిస్తుంది. ఇంట్లో పొగ వస్తోందని పక్కింటాయన వచ్చి చెబితే, ఆయన్నే పట్టుకుని కట్టేసినట్టుంటుంది ఆ పని.

ఇక్కడ ఒక నిజం ఒప్పుకోవాలి. ఈ తప్పు నేనూ చేశాను. చాలా ఏళ్ల కిందట ఒక బడిపంతులమ్మ గారి కారుకు ఇదే కోడ్ వస్తే సెన్సర్ మార్చి డబ్బు తీసుకున్నాను. వారానికి లైటు మళ్లీ వెలిగింది. "బండి పాతదైపోయిందమ్మా" అన్నాను. ఆమె నమ్మింది. బండిలో జబ్బు ఏమిటో నాకు తెలియలేదని ఆ రోజు చెప్పి ఉండాల్సింది. తర్వాత ఆమె కనిపించలేదు, ఆ డబ్బు తిరిగివ్వలేకపోయాను. ఈ ఉత్తరం రాయడానికి నూతక్కి రైతు ఎంత కారణమో, ఆ పంతులమ్మ గారు కూడా అంతే కారణం.

ఆ సెన్సర్ ఏం చేస్తుందో మా కుర్రాళ్లకు నేను ప్రకాశం బ్యారేజి చూపించి చెబుతాను. బ్యారేజికి ఎగువన నీళ్లు నిండుగా ఉండి దిగువ ఎండిపోతే గేట్ల మీద ఒత్తిడి బాగా ఉంటుంది. దిగువన కూడా నీళ్లుంటే ఆ మేరకు ఒత్తిడి తగ్గుతుంది. సెన్సర్ లోపల జిర్కోనియా అనే పింగాణీ లాంటి పదార్థంతో చేసిన చిన్న గొట్టం ఉంటుంది. దాని లోపలి వైపు బయటి గాలి, బయటి వైపు సైలెన్సర్‌లోకి పోయే పొగ. బయటి గాలిలో ఆక్సిజన్ ఎప్పుడూ ఉంటుంది. పొగలో దాదాపు లేకపోతే, అంటే పెట్రోలు ఎక్కువై ఉన్న ఆక్సిజనంతా మండిపోతే, రెండు వైపులా తేడా పెద్దది. అప్పుడు వోల్టేజి 0.8, 0.9 దాకా పోతుంది. పొగలో కూడా ఆక్సిజన్ మిగిలిపోతే తేడా తగ్గి వోల్టేజి 0.1, 0.2 దగ్గరకు పడిపోతుంది. మధ్య గీత 0.45. గొట్టం మూడు వందల డిగ్రీలు దాటి వేడెక్కితే గానీ ఇది పనిచేయదు. అందుకే లోపల హీటర్ పెడతారు. అందుకే చల్లటి ఇంజన్ మీద తీసిన రీడింగ్‌ను నేను లెక్కలోకి తీసుకోను.

ఈ పదార్థం గుణాన్ని, రెండు వైపుల తేడాకు వోల్టేజి ఎంత వస్తుందన్న లెక్కను మనకు తెలిపినవాడు జర్మన్ రసాయన శాస్త్రవేత్త వాల్టర్ నెర్న్‌స్ట్. 1920 నోబెల్ బహుమతి ఆయనది. జర్మనీ బాష్ కంపెనీ తయారుచేసిన సెన్సర్ 1976లో స్వీడన్ వోల్వో కార్లలో మొదటిసారి రోడ్డెక్కింది. మన దేశంలో 2020 ఏప్రిల్ నుంచి బీఎస్ 6 వచ్చాక మోటారు సైకిళ్లకు కూడా ఈ సెన్సర్ చేరింది. అంటే ఇవాళ మంగళగిరి బజారులో కూరగాయల సంచీ తగిలించుకుని పోయే కొత్త బండి సైలెన్సర్‌కూ ఈ సెన్సర్ ఉంది. దాని మాట చదవగలిగినవాళ్లు మాత్రం అంతమంది లేరు.

నేను పని నేర్చుకున్నది విజయవాడ ఆటోనగర్‌లో, కార్బురేటర్ల కాలంలో. మా మేస్త్రీకి ఏ సెన్సరూ లేదు. ప్లగ్ విప్పి ఎండలో పట్టుకుని చూసేవాడు. ఇటుక రంగులో ఉంటే సరిగ్గా ఉన్నట్టు. మసి పట్టి నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువ. సున్నం కొట్టినట్టు తెల్లబడితే లీన్. "తెల్లబడిందంటే లోపల కాలిపోతోందిరా, వాల్వులు పోతాయి" అనేవాడు. నలభై మైళ్లు తిరిగిన తర్వాత ప్లగ్ చెప్పే మాటను సెన్సర్ సెకనుకు ఒకటి రెండుసార్లు చెబుతుంది. తేడా అంతే. ఆ మేస్త్రీ చూపు ఇవాళ్టికీ పనికొస్తుంది. ఎక్కడ పనికొస్తుందో కింద చెబుతాను.

పెట్రోలు పూర్తిగా మండడానికి ఒక కిలో పెట్రోలుకు 14.7 కిలోల గాలి కావాలి. ఆ కొలతకు ల్యాంబ్డా 1 అని పేరు. గాలి ఎక్కువైతే ఒకటి కంటే పైకి, పెట్రోలు ఎక్కువైతే ఒకటి కంటే కిందికి. సైలెన్సర్‌లో ఉండే క్యాటలిటిక్ కన్వర్టర్ మూడు రకాల విషాలను ఒకేసారి శుభ్రం చేయాలంటే మిశ్రమం ఆ ఒకటికి అటూ ఇటూ వెంట్రుకవాసిలో ఉండాలి. అందుకని సెన్సర్ లీన్ అనగానే ఇంజన్ కంప్యూటర్ పెట్రోలు కొంచెం పెంచుతుంది, రిచ్ అనగానే తగ్గిస్తుంది. అలా ఎంత పెంచిందో, ఎంత తగ్గించిందో శాతాల్లో రాసిపెట్టుకుంటుంది. ఇదే ఫ్యూయల్ ట్రిమ్. అప్పటికప్పుడు చేసే సర్దుబాటు షార్ట్ టర్మ్, అలవాటుగా మారిన సర్దుబాటు లాంగ్ టర్మ్. రెండూ కలిపి ఐదు శాతానికి అటూ ఇటూ ఉంటే బండి ఆరోగ్యంగా ఉన్నట్టు. పది దాటితే చూడాలి. ఇరవై, పాతిక దాటితే కంప్యూటర్ చేతులెత్తేసి లైటు వెలిగిస్తుంది.

నూతక్కి కారులో ఐడ్లింగ్ మీద లాంగ్ టర్మ్ 21, షార్ట్ టర్మ్ 7. మొత్తం 28 శాతం అదనంగా పెట్రోలు పోస్తున్నా సెన్సర్ ఇంకా 0.1, 0.2 దగ్గరే ఊగుతోంది. యాక్సిలరేటర్ తొక్కి 2500 ఆర్‌పీఎం దగ్గర నిలబెట్టాను. మొత్తం 6 శాతానికి దిగింది. ఈ ఒక్క తేడాతో సగం పని అయిపోయింది. బందరు కాలవ సన్నగా పారే రోజుల్లో పక్క డ్రెయిన్ నీళ్లు వచ్చి కలిస్తే కాలవ రంగే మారిపోతుంది. కాలవ నిండుగా పారేటప్పుడు అవే నీళ్లు కలిసినా కనిపించవు. ఇంజన్ ఐడ్లింగ్‌లో ఉన్నప్పుడు పీల్చే గాలి తక్కువ, లోపల వాక్యూమ్ ఎక్కువ. ఎక్కడైనా పగులుంటే దొంగగాలి వాటా అప్పుడే పెద్దదవుతుంది. కాబట్టి ఐడ్లింగ్‌లో ట్రిమ్ ఎక్కువై, ఆర్‌పీఎం పెంచితే తగ్గుతోందంటే వెతకాల్సింది గొట్టాలూ గ్యాస్కెట్లూ.

దీనికి తిరగేసి కూడా ఉంటుంది. ఐడ్లింగ్‌లో అంతా బాగుండి, చినకాకాని దాటి హైవే ఎక్కి బండిని లాగించేటప్పుడు ట్రిమ్ పైకి పోతోందంటే అది గాలి దొంగతనం కాదు, పెట్రోలు అందడం లేదు. పంపు బలహీనపడి ఉండొచ్చు, ఫిల్టర్ మూసుకుపోయి ఉండొచ్చు. ప్రెషర్ గేజ్ పెడితే తేలిపోతుంది. లేదా గాలిని తూచే ఎయిర్‌ఫ్లో సెన్సర్ మీద దుమ్ము పేరుకుని, వచ్చే గాలిని తక్కువగా లెక్కపెడుతుండొచ్చు. అన్ని వేగాల్లోనూ ఒకేలా ఎక్కువుంటే ఇంజెక్టర్లనూ అనుమానించాలి.

ఇంకొక సంగతి మా కుర్రాళ్లకు గట్టిగా చెబుతాను. విదేశీ వీడియోలు చూసి నేర్చుకున్నవాళ్లు ఇక్కడ దెబ్బతింటున్నారు. మన ఊళ్లో తిరిగే చిన్న కార్లు చాలావాటిలో గాలిని తూచే సెన్సర్ ఉండదు. మానిఫోల్డ్‌లో ఒత్తిడిని కొలిచే మ్యాప్ సెన్సర్ ఉంటుంది. ఆ బండిలో గొట్టం పగిలితే లోపలికి దూరిన దొంగగాలి కూడా ఆ ఒత్తిడిలో లెక్కకు వచ్చేస్తుంది. కంప్యూటర్ దానికి తగ్గ పెట్రోలు పోసేస్తుంది. అప్పుడు లీన్ కోడ్ రాకపోవచ్చు, ఐడ్లింగ్ మాత్రం ఎక్కి కూర్చుంటుంది. అలాంటి బండికి ఐడ్లింగ్ స్క్రూ ఎక్కడుందని వెతికే వాళ్లను చూశాను.

మళ్లీ నూతక్కి కారు దగ్గరకు వస్తాను. అందులో ఉన్నది గాలిని తూచే సెన్సరే. గొట్టాలు వెతికే ముందు సెన్సర్ బతికుందో లేదో తేల్చుకోవాలి. దానికి రెండు నిమిషాలు చాలు. ఎయిర్ ఫిల్టర్ దగ్గర కొద్దిగా గ్యాస్ చూపించాను. సెన్సర్ వెంటనే 0.85కి ఎగిరింది. గ్యాస్ తీసేశాను, ఒక చిన్న వాక్యూమ్ గొట్టం ఊడదీశాను. వెంటనే 0.1కి పడింది. ఎక్కాల్సినప్పుడు ఎక్కి, దిగాల్సినప్పుడు దిగిన సెన్సర్‌ను తప్పుపట్టడానికి లేదు. (వేడి ఇంజన్ దగ్గర గ్యాస్‌తో గానీ, కార్బురేటర్ క్లీనర్ స్ప్రేతో గానీ చేసే పరీక్షలో మంటలు లేచే ప్రమాదం ఉంది. పక్కన మంటలార్పే సిలిండర్ లేకుండా ఎవరూ చేయవద్దు. బండి యజమానులు అసలే చేయవద్దు.)

తర్వాత స్మోక్ మెషిన్ తగిలించి ఇన్‌టేక్‌లోకి పొగ పంపాను. ఇంజన్ కింది వైపు, చేతికి అందని చోట, క్రాంక్‌కేస్ నుంచి ఆవిరి లాక్కునే రబ్బరు గొట్టం వంపులో నుంచి సన్నటి పొగ బయటికి వచ్చింది. పై నుంచి చూస్తే గొట్టం కొత్తదానిలాగే ఉంది. అడుగున మాత్రం వేలెడు పొడవు పగులు. కృష్ణా జిల్లా, గుంటూరు జిల్లా ఎండల్లో బానెట్ కింద పదేళ్లు ఉడికిన రబ్బరు కదండీ. గొట్టం ఖరీదు రెండు వందల లోపే. మార్చి కోడ్ తుడిచి, రెండు రోజులు తిప్పి తెమ్మన్నాను. వచ్చాక మరో పని చేశాను. తువ్వాలు ముక్కలో ఉన్న వాటిలో మొట్టమొదటిది, అంటే కారుతో పాటు కంపెనీ నుంచి వచ్చిన సెన్సర్‌ను, తిరిగి బిగించాను. 0.1 నుంచి 0.9కి, 0.9 నుంచి 0.1కి లయ తప్పకుండా కొట్టుకుంది. పదకొండు వేలు పోయించిన ఆ సెన్సర్‌లో ఏ లోపమూ లేదు.

అయ్యా, సెన్సర్ ఎప్పుడూ నిజమే చెబుతుందని నేను అనడం లేదు. అది చెప్పేది పొగలో మిగిలిన ఆక్సిజన్ గురించి. పెట్రోలు గురించి దానికి నేరుగా ఏమీ తెలియదు. సెన్సర్‌కు ముందు సైలెన్సర్ గొట్టం చిల్లిపడితే బయటి గాలి పొగలో కలిసి, లీన్ కాని బండి లీన్‌గా కనిపిస్తుంది. ఒక ప్లగ్ కాలకపోతే ఆ సిలిండర్‌లోని ఆక్సిజనంతా వాడకుండా బయటికి వస్తుంది. సెన్సర్ దాన్ని కూడా లీన్ అంటుంది. కంప్యూటర్ మరింత పెట్రోలు పోస్తుంది, ఆ పెట్రోలు పోయి కన్వర్టర్‌లో మండి దాన్ని మాడ్చేస్తుంది. అందుకే మిస్సింగ్ ఉన్న బండిలో ముందు మిస్సింగ్ సరిచేయాలి, తర్వాతే లీన్ సంగతి.

2024 సెప్టెంబరు 1న బుడమేరు విజయవాడ మీద పడిన రోజు మీకు గుర్తుండే ఉంటుంది. అజిత్‌సింగ్ నగర్ వైపు రోజుల తరబడి నీళ్లలో మునిగిన బండ్లు తర్వాత నెలల పాటు షెడ్లకు వస్తూనే ఉన్నాయి. ఇంజన్ ఆయిల్ మార్చారు, సీట్లు ఎండబెట్టారు. సెన్సర్ల సంగతి ఎవరికీ తట్టలేదు. ఇందాక చెప్పాను కదా, సెన్సర్ లోపలి వైపు బయటి గాలి ఉండాలని. చాలా సెన్సర్లలో ఆ గాలి లోపలికి చేరేది వైరు పోగుల సందుల్లోంచే. బురదనీళ్లు కనెక్టర్‌లోకి దూరి ఆ దారి మూసుకుపోతే లోపల ఆక్సిజన్ తగ్గిపోతుంది. ఎగువ నీటిమట్టమే పడిపోయిన బ్యారేజిలా, తేడా తగ్గి వోల్టేజి కిందికి వస్తుంది. కంప్యూటర్‌కు అది లీన్‌లా కనిపిస్తుంది. పోసిన పెట్రోలు మీద మళ్లీ పోస్తుంది.

అలాంటి బండి ఒకటి నా దగ్గరకు వచ్చినప్పుడు మా మేస్త్రీ గుర్తొచ్చాడు. స్కానర్ లీన్ అంటోంది. ప్లగ్ విప్పితే కాటుకలా నల్లగా ఉంది. ఒకరు పలచన అంటున్నారు, ఇంకొకరు చిక్కన అంటున్నారు. ఆ రెండు మాటలూ పక్కపక్కన పెట్టినప్పుడే ఆ సెన్సర్ నిజంగా పోయిందని తేలింది. ఆ ఒక్కసారి సెన్సర్ మార్చడమే సరైన వైద్యం. పాత మేస్త్రీల కన్నూ కొత్త స్కానర్ అంకెలూ కలిసి పనిచేయాలని నేను గట్టిగా నమ్మేది అందుకే.

ఈ మధ్య మరో చిక్కు వచ్చింది. 2023 ఫిబ్రవరిలో మొదలైన ఇరవై శాతం ఇథనాల్ పెట్రోలు ఇప్పుడు ఊరూరా ఉంది. ఇథనాల్‌లో ఆక్సిజన్ ముందే కలిసి ఉంటుంది కాబట్టి దానికి గాలి తక్కువ చాలు. శుద్ధ పెట్రోలుకు 14.7 కావాల్సిన గాలి, ఈ కలయికకు 13.5 దగ్గర సరిపోతుంది. అంటే అంతే గాలికి ఇంధనం ఇంకొంచెం ఎక్కువ పోయాలి. సెన్సర్ ఉన్న బండి ఆ పని తనే చేసుకుంటుంది. కానీ పాత పెట్రోలుకు లెక్కకట్టిన కారులో ట్రిమ్ ఎనిమిది శాతం దాకా పైకి జరిగి కనిపించొచ్చు. అది జబ్బు కాదు, ఇంధనం గుణం. ఈ ముక్క తెలియని కుర్రాడు ఆ ఎనిమిది శాతాన్ని చూసి ఇంజెక్టర్లు విప్పేస్తాడు. సెన్సర్ లేని పాత కార్బురేటర్ బండికి సర్దుకునే తెలివి లేదు. అది నిజంగానే లీన్ అవుతుంది, దానికి జెట్టు చూడాలి.

ఇక మీ చేతిలో ఉన్న సంగతి. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 115వది బీఎస్ 4, ఆ తర్వాతి పెట్రోలు కార్లకు రెండు పరీక్షలు చెబుతోంది. ఐడ్లింగ్‌లో కార్బన్ మోనాక్సైడ్ 0.3 శాతం, హైడ్రోకార్బన్లు 200 పీపీఎం దాటకూడదు. 2500 ఆర్‌పీఎం దగ్గర, రెండు వందలు అటూ ఇటూగా, కార్బన్ మోనాక్సైడ్ 0.2 శాతం దాటకూడదు, ల్యాంబ్డా 0.97కీ 1.03కీ మధ్య ఉండాలి. కంపెనీ వేరే హద్దు ప్రకటించి ఉంటే ఆ హద్దు. మన పొల్యూషన్ సర్టిఫికెట్‌లో ల్యాంబ్డాకు ఒక గడి కూడా ఉంది. బండి యజమానుల్లో నూటికి తొంభైమంది ఆ గడి చూసి ఉండరు. చూసినా అదేమిటో చెప్పేవాళ్లు లేరు. ఆ గడిలో వైద్యం ఉందయ్యా.

ఎలాగంటే, ల్యాంబ్డా ఒక్కటే చూస్తే చాలదు. నూతక్కి కారులాంటి బండి వచ్చి ఉంటే కంప్యూటర్ పెట్రోలు పెంచి, 2500 దగ్గర చేసే పరీక్షలో ల్యాంబ్డా సరిగ్గా ఒకటి చూపించి పాసైపోయేది. ల్యాంబ్డా చెప్పేది ఫలితం. దాని కోసం లోపల ఎంత కష్టం పడుతున్నదీ చెప్పేది ట్రిమ్. రెండూ పక్కపక్కన పెడితే కథంతా తెలుస్తుంది. ట్రిమ్ 20, ల్యాంబ్డా 1 ఉంటే కంప్యూటర్ కప్పిపుచ్చుకుంటూ నెట్టుకొస్తోంది, గాలో పెట్రోలో ఒకచోట లోపం ఉంది. ట్రిమ్ 25, ల్యాంబ్డా 1.08 ఉంటే ఇక దాని వల్ల కావడం లేదు, ఇంజన్ నిజంగా పలచన మీద కాలుతోంది. ట్రిమ్ 20, ల్యాంబ్డా 0.93 ఉంటే సెన్సర్ చెప్పేది తప్పు, బండి చిక్కన మీద నడుస్తోంది. ఈ మూడో సందర్భంలో తప్ప సెన్సర్ జోలికి వెళ్లనక్కర్లేదు. అప్పుడు కూడా సైలెన్సర్ చిల్లీ, మిస్సింగూ చూశాకే.

కాబట్టి మీకు నా విన్నపం. పొల్యూషన్ పరీక్షకు వచ్చిన కారులో చెక్ ఇంజన్ లైటు వెలుగుతుంటే, స్టీరింగ్ కింద ఉండే సాకెట్‌కు రీడర్ తగిలించి మూడు ముక్కలు కాగితం మీద రాయించండి: కోడ్ నంబరు, ఐడ్లింగ్‌లో ట్రిమ్, 2500 దగ్గర ట్రిమ్. పక్కన ల్యాంబ్డా ఎలాగూ ఉంటుంది. ఐదు నిమిషాల పని. దీని మీద బండిని ఫెయిల్ చేయనక్కర్లేదు, జరిమానా అక్కర్లేదు. ఆ కాగితం తెలుగులో ఉండాలి, యజమాని చేతికి ఇవ్వాలి. ఇంజన్ పూర్తిగా వేడెక్కాకే రీడింగ్ తీయాలన్న ఒక్క నియమం గట్టిగా పాటింపజేయండి. చల్లటి బండి మీద తీసిన అంకె ఎవరికీ ఉపయోగపడదు.

ఆ కాగితం జేబులో పెట్టుకుని వచ్చిన రైతుకు "సెన్సర్ పోయింది" అని చెప్పడం ఏ షెడ్డులోనైనా కష్టమవుతుంది. నాలాంటి వాడికి కూడా కష్టమవుతుంది. అదే కావాలి.

రెండో విన్నపం మా పిల్లల గురించి. విజయవాడ ఆటోనగర్ 1960ల్లో పుట్టింది. లారీ బాడీలు కట్టే చేతులు, క్రాంక్ షాఫ్టులు గ్రైండింగ్ చేసే చేతులు అక్కడ తయారయ్యాయి. వాళ్లలో ఎక్కువమంది బడిలో నేర్చుకున్నవాళ్లు కాదు, మేస్త్రీ పక్కన నిలబడి నేర్చుకున్నవాళ్లు. ఇప్పుడు వాళ్ల పిల్లల చేతుల్లో స్కానర్లున్నాయి. కొనడానికి డబ్బు సమకూర్చుకోగలరు. అందులో కనిపించే గీతలు చదవడం మాత్రం ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. బండి కంపెనీలు తమ షోరూమ్ వాళ్లకు నేర్పుకుంటాయి, రోడ్డు పక్క షెడ్డు కుర్రాడికి నేర్పవు. కానీ ఆరేడేళ్లు దాటిన కార్లు, చేతులు మారిన కార్లు చివరికి చేరేది ఆ కుర్రాడి దగ్గరకే. వాళ్లకు తెలుగులో, పని వేళలు అయ్యాక, ఆటోనగర్‌లోనూ మంగళగిరిలోనూ తరగతులు పెట్టించండి. బోర్డు మీద బొమ్మలు గీసి వదిలేయకుండా నడుస్తున్న ఇంజన్ ముందు నిలబెట్టి నేర్పాలి. ఒక వాక్యూమ్ గొట్టం ఊడదీసి సెన్సర్ గీత పడిపోవడం కళ్లతో చూసిన పిల్లవాడు దాన్ని జన్మలో మరచిపోడు. కొత్త కార్లలో వస్తున్న వైడ్‌బ్యాండ్ సెన్సర్ ఇంకా తికమక పెడుతుంది. అందులో లీన్ అయితే అంకె కిందికి కాదు, పైకి పోతుంది. పాత లెక్కతో చూసేవాడికి ప్రతి బండీ తలకిందులుగా కనిపిస్తుంది. ఇది కూడా ఆ తరగతిలోనే తేల్చాలి.

దీనికయ్యే ఖర్చు పెద్దది కాదు. ఒక పాత పెట్రోలు కారు, ఒక స్కానర్, ఒక స్మోక్ మెషిన్, ఓపికున్న ఒక మనిషి చాలు.

పలచన మిశ్రమం మీద నడిచే ఇంజన్ వేడెక్కుతుంది, వాల్వులు కాలతాయి. ఒకటి దాటిన ల్యాంబ్డా దగ్గర కన్వర్టర్ నైట్రోజన్ ఆక్సైడ్లను శుభ్రం చేయలేదు. అవి వచ్చేది మా ఊరి గాలిలోకే. కృష్ణా నది వారధి మీద సాయంత్రం వేళ బండ్లన్నీ నిలిచిపోయినప్పుడు ఆ గాలి పీల్చేది బైకు మీద తల్లి ఒడిలో కూర్చున్న పసిపిల్లలే. కాబట్టి ఇది ఒక్క రైతు పదకొండు వేల సంగతి కాదని మీకు వేరే చెప్పనక్కర్లేదు.

నూతక్కి కారు మొన్న ఆయిల్ మార్చడానికి వచ్చింది. ఐడ్లింగ్‌లో లాంగ్ టర్మ్ 3, షార్ట్ టర్మ్ సున్నాకు అటూ ఇటూ. ఆయన ఆ అంకెలు నా చేత ఒక చీటీ మీద రాయించుకుని ఆర్‌సీ కవర్లో పెట్టుకున్నాడు.

అలాంటి చీటీ ప్రతి కారులో ఉండేలా చూడండి. ముందు ఒక్క పరీక్షా కేంద్రంలో మొదలుపెట్టించండి చాలు. అది మంగళగిరిలో అయితే నా స్కానర్ తీసుకుని నేనే వస్తాను.

ఇట్లు,
ఒక కారు మెకానిక్,
మంగళగిరి